అన్న పేరు సింగపూర్ రాతి మీద ఉంది, తమ్ముడి పేరు ఎక్కడ?

"మా తాతయ్యా వాళ్ళ అన్నయ్యా ఇద్దరూ మిలట్రీలో చేరారట. ఆయన తిరిగి రాలేదు, తాతయ్య వచ్చాడు." గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో ఈ మాట చాలా ఇళ్ళలో వినబడుతుంది. ఇంకో ప్రశ్న వేస్తే కథ అక్కడే ఆగిపోతుంది. ఏ పటాలం? ఎక్కడ పోయాడు? ఒకరు బసరా (ఇరాక్‌లోని బస్రా) అంటారు, ఇంకొకరు రంగం (బర్మాలోని రంగూన్) అంటారు. ట్రంకుపెట్టె అడుగున నల్లబడ్డ పతకం ఒకటి ఉండేదని, పిల్లలు ఆడుకుంటూ పోగొట్టారని మేనత్త చెబుతుంది.

2025తో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 80 ఏళ్ళు నిండాయి. ఆ యుద్ధం చూసినవాళ్ళు దాదాపుగా లేరు. మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో వాళ్ళ కోసం వెతుకుతున్నారు. ఇలా వెతికేవారికి ఒక వింత ఎదురవుతుంది. ఇంటికి రాని పెదతాత, అదృష్టం బాగుంటే, పది నిమిషాల్లో దొరుకుతాడు. తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసి, మన కళ్ళముందే పోయిన తాతయ్య మాత్రం ఎంత వెతికినా కనబడడు. మామూలుగా చూస్తే ఇది తలకిందులుగా ఉంది. కాగితాల లెక్కలో చూస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

యుద్ధానికి వెళ్ళినవాళ్ళంతా తుపాకీ పట్టలేదు

1939లో భారత సైన్యం సుమారు 2 లక్షలు. యుద్ధం ముగిసేసరికి 25 లక్షలు. బ్రిటన్‌లో లాగా ఇక్కడ నిర్బంధ సైనిక సేవ లేదు, కాగితం మీద అందరూ తమంతట తాము చేరినవాళ్ళే. ఎక్కువమందిని ఇచ్చిన ప్రాంతాల్లో పంజాబ్ మొదటిది. మద్రాసు ప్రెసిడెన్సీ కూడా లక్షల్లోనే ఇచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఊరి పేరుకు ముందు "మిలిటరీ" అని అతుక్కుపోయిందంటే తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళడం వల్లే.

అయితే మనవాళ్ళు ఏ విభాగంలో చేరారన్నది ఊహించుకున్నట్టు ఉండదు. కొన్ని కులాలు, ప్రాంతాలే యుద్ధానికి పనికొస్తాయన్న సిద్ధాంతాన్ని బ్రిటిష్‌వాళ్ళు 19వ శతాబ్దం చివర్లో పట్టుకున్నారు. దక్షిణాది సిపాయిలను చిన్నచూపు చూశారు. మొదటి యుద్ధం తర్వాత మద్రాసు పదాతి దళాలను క్రమంగా రద్దు చేసి, రెండో యుద్ధంలో మనుషులు చాలక మద్రాస్ రెజిమెంట్‌ను మళ్ళీ నిలబెట్టారు. దీనివల్ల తెలుగువాళ్ళలో చాలామంది వంతెనలు కట్టే శాపర్లలో, సరుకు లారీలు నడిపే సర్వీస్ కోర్‌లో, రోడ్లు వేసే పయనీర్లలో, ఆసుపత్రుల్లో, ఆయుధ సామగ్రి నిల్వచేసే ఆర్డ్‌నెన్స్ డిపోల్లో పనిచేశారు. "మా తాత యుద్ధంలో లారీ నడిపాడంతే" అని కొందరు ఇబ్బందిగా చెబుతారు. ఇంఫాల్ దారుల్లో 1944లో లారీ నడపడం ఎలాంటి పనో ఆ కొండ మలుపులు చూసినవాళ్ళకు తెలుస్తుంది.

వెతకడానికి విభాగం పేరు ఎందుకు ముఖ్యమంటే, కాగితాలు విభాగాల వారీగానే ఉన్నాయి. భారత సైన్యం మొత్తానికి కలిపి ఒక్కచోట పెట్టిన పేర్ల పట్టిక ఏదీ లేదు.

పెద్ద వీరాస్వామి, చిన్న వీరాస్వామి

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పశ్చిమగోదావరిలో ఒక ఊరు. తాత పేరు వీరాస్వామి కాబట్టి, మన అలవాటు ప్రకారం మనవలిద్దరికీ అదే పేరు పెట్టారు. పెద్దవాడు పెద్ద వీరాస్వామి, చిన్నవాడు చిన్న వీరాస్వామి. ఇంటిపేరు చింతా అనుకుందాం. అన్న 1940లో మద్రాస్ శాపర్స్‌లో చేరాడు. తమ్ముడు 1942లో పయనీర్ కోర్‌లో చేరాడు.

భర్తీ గుమాస్తా ఇంగ్లీషులో ఏం రాసుకుని ఉంటాడు? "సీహెచ్. వీరాస్వామి" అని రాస్తే ఆ సీహెచ్ చింతా కావచ్చు, చిన్న కావచ్చు. చింతా అయితే అది ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. "పి. వీరాస్వామి" అని ఉంటే అన్నగారి పేరులోని "పెద్ద" కావచ్చు, అసలు వేరే ఇంటిపేరున్న పరాయి మనిషీ కావచ్చు. గుమాస్తాకు విసుగొస్తే ఉత్త "వీరాస్వామి" అని వదిలేస్తాడు. పక్కన కులం పేరు చేర్చే వాళ్ళూ ఉన్నారు. స్పెల్లింగు సంగతి చెప్పనక్కర్లేదు. "వీ" దీర్ఘానికి మూడు రకాలు, "స్వామి" చివర రెండు రకాలు.

ఊరి పేరు దగ్గర ఇంకో చిక్కు. కాగితాల్లో బెజవాడ, ఎల్లూరు, కొకనాడ (కాకినాడ), చికాకోల్ (శ్రీకాకుళం) లాంటి ఆనాటి రూపాలే ఉంటాయి. జిల్లాలు కూడా మారాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. కాబట్టి నేటి శ్రీకాకుళం జిల్లా కుర్రాడు యుద్ధకాలపు రికార్డులో విజగపటం (విశాఖపట్నం) జిల్లావాడు. ఒంగోలు కుర్రాడు గుంటూరు జిల్లావాడు.

ఈ గందరగోళంలో చెక్కుచెదరనిది ఒక్కటే, సైనిక నంబరు. అన్నదమ్ముల పేర్లు ఒకటే కావచ్చు, తండ్రి పేరు ఒకటే, ఊరు ఒకటే. నంబర్లు మాత్రం వేరు. డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీలో, పింఛను కాగితంలో, జవాను ఇంటికి రాసిన ఉత్తరం మూలన ఉండేది అదే. మొదటి ప్రపంచ యుద్ధం పతకాల అంచు మీద నంబరు, పేరు, విభాగం చెక్కి ఉంటాయి. ఆ పతకాన్ని తళతళలాడేలా తోమితే అక్షరాలు అరిగిపోతాయి. పెద్దవాళ్ళు భక్తితో చింతపండు పెట్టి తోమిన పతకాలు చాలానే ఉన్నాయి, ఏం చేస్తాం.

పోయినవాళ్ళ జాబితా ఎలా పుట్టింది

అన్న ఎందుకు త్వరగా దొరుకుతాడో ఇప్పుడు చూద్దాం. 1917 మే 21న రాయల్ చార్టర్‌తో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. 1960 నుంచి దాని పేరు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. యుద్ధ సేవలో చనిపోయిన ప్రతి ఒక్కరినీ, హోదా, జాతి, మతం చూడకుండా, పేరుతో స్మరించడం దాని నియమం. ఆ పేర్లన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. రెండో యుద్ధంలో చనిపోయిన అవిభక్త భారత సైనికులు 87 వేల మందికి పైగా అందులో ఉన్నారు.

ఈ జాబితాకు రెండు తేదీల గీతలు ఉన్నాయి. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు. రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఈ మధ్యలో ఉద్యోగంలో ఉండగా ఏ కారణంతో చనిపోయినా లెక్కలోకి వస్తారు. తూటా తగిలినా, మలేరియా వచ్చినా, రాంచీలో లారీ బోల్తా పడినా ఒకటే. ఉద్యోగం నుంచి విడుదలయ్యాక చనిపోతే మాత్రం, ఆ మరణానికి సేవే కారణమని చూపించాలి. 1946లో క్షయతో ఇంటికొచ్చి 1947లో పోయిన మనిషి ఈ గీత మీద నిలబడి ఉంటాడు. తగిన కాగితాలు చూపితే కొత్త పేర్లు చేర్చడాన్ని కమిషన్ ఇప్పటికీ పరిశీలిస్తోంది.

కుటుంబాలు ఎక్కువగా తడబడేది "సమాధి ఎక్కడ?" అన్న దగ్గర. హిందూ, సిక్కు సైనికులను వీలైన చోట దహనం చేశారు. అందుకే వాళ్ళకు సమాధిరాయి ఉండదు, స్మారకం మీద పేరు ఉంటుంది. ఇంఫాల్ దహన స్మారకం మీద 868 మంది, కోహిమా దహన స్మారకం మీద 917 మంది ఇలాంటివాళ్ళే. శవమే దొరకనివాళ్ళకు వేరే స్మారకాలు ఉన్నాయి. బర్మా రంగంలో అయితే టౌక్యాన్ శ్మశానంలోని రంగూన్ స్మారకం, దాని మీద దాదాపు 27 వేల పేర్లు. మలయా (నేటి మలేషియా ప్రాంతం), చుట్టుపక్కల రంగాలకు క్రాంజిలోని సింగపూర్ స్మారకం, 24 వేలకు పైగా పేర్లు. ఢిల్లీ, కరాచీ 1939-1945 స్మారకాలు జంట స్మారకాలు. 25 వేలకు పైగా అవిభక్త భారత సైనికుల పేర్లు వాటి కింద ఉన్నాయి. భీమవరం మనిషి పేరు కరాచీలో ఉందంటే ఇంట్లో ఎవరూ నమ్మరు, కానీ అలా ఉండే అవకాశం నిజంగానే ఉంది.

మన పెద్ద వీరాస్వామి శాపర్ల కంపెనీతో మలయా వెళ్ళి, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు జపాన్‌వాళ్ళకు చిక్కి, బందీగా చనిపోయాడనుకుందాం. అతని పేరు సింగపూర్ స్మారకం మీద ఉంటుంది. పక్కన తేదీ కూడా ఉంటుంది. ఆ తేదీని మాత్రం వెంటనే నమ్మి తద్దినం తిథి లెక్క వేయకూడదు. ఏ రోజు పోయాడో తెలియని వాళ్ళకు అధికారులు ఒక తేదీని అనుకుని వేశారు.

అదనపు వివరాల గడిలో తండ్రి పేరు, భార్య పేరు, ఊరు ఉంటే ఉంటాయి. కుటుంబం ఫారం నింపి పంపితేనే ఆ గడి నిండేది. చదువు రాని ఇళ్ళ నుంచి ఫారాలు ఎలా వెళ్తాయి? ఇద్దరు అన్నదమ్ములూ పోయిన ఇళ్ళ విషయంలో కొన్ని రికార్డుల్లో "ఇతని సోదరుడు కూడా సేవలో మరణించాడు" అన్న వాక్యం కనిపిస్తుంది. బ్రిటిష్ సైనికుల పేర్ల దగ్గర ఇది తరచుగా చూస్తాం. సోదరుడు బతికి ఉంటే రాయడానికి ఏ వాక్యమూ లేదు.

తిరిగొచ్చినవాళ్ళ కాగితాలు ఏమయ్యాయి

చిన్న వీరాస్వామి మణిపూర్ వైపు రోడ్లు వేశాడు, 1946లో సైన్యాన్ని తగ్గించినప్పుడు ఇంటికొచ్చాడు. సేవ నాలుగేళ్ళు. సిపాయికి పింఛను రావాలంటే మామూలుగా 15 ఏళ్ళ సేవ ఉండాలి. కాబట్టి గ్రాట్యుటీ కింద కొంత డబ్బు, రైలు పాసు, డిశ్చార్జి పుస్తకం ఇచ్చి పంపేశారు. ఆ క్షణం నుంచి సైన్యం లెక్కలో అతను "పింఛను లేని మాజీ సైనికుడు".

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పింఛను లేనివాళ్ళ సర్వీసు ఫైళ్ళను 25 ఏళ్ళు ఉంచి తర్వాత నాశనం చేయవచ్చని సైన్యం నిబంధన. 1946కు 25 కలిపితే 1971. మనవడు పుట్టకముందే తాతయ్య ఫైలు కాలిపోయి ఉండవచ్చు. సాధారణంగా మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టరులో ఒక వరుస. నంబరు, పేరు, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ, ఇంకో రెండు ముక్కలు. ఎక్కడ పనిచేశాడో, ఏం చేశాడో అందులో వెతికినా ఉండదు.

ఈ రిజిస్టర్లు ఆయా విభాగాల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ శాపర్స్‌కూ పయనీర్ కోర్‌కూ బెంగళూరు. ఆర్డ్‌నెన్స్‌వి, వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంవి మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. సిగ్నల్స్‌కు జబల్పూర్, మెడికల్ కోర్‌కు లక్నో, ఫిరంగి దళానికి నాసిక్. నంబరు లేకుండా ఉత్త పేరుతో అడిగితే "ఈ పేరుతో ఆచూకీ దొరకలేదు" అన్న ఒక్క లైను జవాబు వస్తుంది. వాళ్ళనూ తప్పు పట్టలేం, వీరాస్వామి పేరున్నవాళ్ళు ఒక్కరా ఇద్దరా?

1947 విభజనలో సైన్యాన్నీ పంచారు. బలూచ్, ఫ్రాంటియర్ ఫోర్స్, కొన్ని పంజాబ్ రెజిమెంట్లు పాకిస్తాన్‌కు వెళ్ళాయి, కాగితాలూ వాటితోపాటే. తెలుగువాళ్ళకు ఈ బెడద తక్కువ. పంజాబ్‌కు ఇంకో అదృష్టం కూడా పట్టింది. మొదటి యుద్ధంలో అక్కడ ఊరూరా ఎవరెవరు వెళ్ళారో రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దశాబ్దాలపాటు మూలన పడి ఉన్నాయి. దాదాపు 3 లక్షల 20 వేల మంది వివరాలున్న ఆ రిజిస్టర్లను 2021 నుంచి ఇంటర్నెట్‌లో పెట్టారు. పోయినవాళ్ళతోపాటు తిరిగొచ్చినవాళ్ళు కూడా ఊరి పేరు కింద ఒకేచోట కనిపించే అరుదైన పత్రం అది.

తిరిగొచ్చిన తమ్ముడి జాడ ఉండే చోటు ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. రెండో యుద్ధంలో పనిచేసి పింఛను రానివాళ్ళకు, వాళ్ళ భార్యలకు రాష్ట్ర ప్రభుత్వాలు నెలనెలా కొంత సాయం ఇచ్చాయి. అది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా వచ్చేది. నాయనమ్మ పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్ళి "మిలట్రీ డబ్బులు" తెచ్చుకునేదని గుర్తుంటే, ఆ దరఖాస్తుకు డిశ్చార్జి పుస్తకం నకలు జతచేసి ఉంటారు. ఎక్కడా లేని నంబరు అక్కడ ఉండవచ్చు.

పతకాల్లో దాగిన భూగోళం

రెండో యుద్ధం నక్షత్రాలకు ఆరు కొనలుంటాయి. మధ్యలో వృత్తం చుట్టూ ఏ రంగానికి ఇచ్చారో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆఫ్రికా స్టార్ ఉంటే ఉత్తర ఆఫ్రికా వైపు వెళ్ళాడు, ఇటలీ స్టార్ ఉంటే ఇటలీ వైపు. 1941 డిసెంబరు 8 నుంచి 1942 ఫిబ్రవరి 15 దాకా మలయాలో ఉన్నవాళ్ళకు పసిఫిక్ స్టార్. బర్మా స్టార్‌తో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. కొన్ని తేదీల మధ్య బెంగాల్, అస్సాంలలో పనిచేసినవాళ్ళకూ అది ఇచ్చారు. తాతయ్య బర్మా నేల తొక్కకపోయినా ఆ పతకం ఉండవచ్చు. ఇండియా సర్వీస్ మెడల్ వెనకవైపు దేశపటం ఉంటుంది. మూడేళ్ళు దేశంలోనే యుద్ధరంగానికి బయట పనిచేసినవాళ్ళకు అది. వార్ మెడల్ మీద సింహం రెండు తలల డ్రాగన్‌ను తొక్కుతూ నిలబడుతుంది. అది 28 రోజులు పనిచేసిన అందరికీ ఇచ్చారు కాబట్టి దాన్నుంచి పెద్దగా ఏమీ తెలియదు. ఈ సాధారణ పతకాలను వీరత్వ పతకాలనుకుని "తాతయ్యకు శౌర్య పతకం వచ్చింది" అని శిలాఫలకం వేయించేవాళ్ళు ఉన్నారు. వీరత్వ పతకాలు వేరు, వాటి ప్రకటనలు గెజిట్‌లో ఉంటాయి.

రెండు హైదరాబాద్‌లు

తెలంగాణ కుటుంబాలను ఎక్కువ తికమక పెట్టేది పేరులో హైదరాబాద్ ఉన్న దళాలు. 1941 డిసెంబరులో మలయాలో అలాంటి దళాలు రెండున్నాయి. ఒకటి నిజాం సంస్థాన సైన్యానికి చెందిన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. జపాన్ దాడి చేసినప్పుడు అది కోట భారు విమానాశ్రయం కాపలాకు ఉంది. రెండోది బ్రిటిష్ ఇండియన్ సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్ 4వ బెటాలియన్. అది 1942 జనవరి 7న స్లిమ్ నది దగ్గర చిన్నాభిన్నమైంది. మొదటిది సంస్థాన దళం. రెండోదానికి చరిత్రరీత్యా నిజాం కంటింజెంట్‌తో సంబంధం ఉన్నా, అందులోకి ఎక్కువగా కుమావూనీలను, జాట్‌లను, అహీర్లను తీసుకున్నారు. 1945 అక్టోబరులో దాని పేరే కుమావూన్ రెజిమెంట్ అయింది. దాని కేంద్రం ఇప్పుడు హిమాలయాల్లోని రాణీఖేత్. అంటే హైదరాబాద్ రెజిమెంట్ కాగితాల కోసం రాణీఖేత్‌ను, నిజాం సంస్థాన ప్రభుత్వ దస్త్రాల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను చూడాలి.

మొదటి యుద్ధం విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు కంచు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ అశ్విక దళాలకు గుర్తు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని గెలిచిన దాడిలో పాల్గొన్నవి మైసూర్, జోధ్‌పూర్ దళాలు. హైదరాబాద్ దళం అదే బ్రిగేడ్‌ది, ఆ దాడిలో మాత్రం లేదు.

అన్న ఒక జెండా కింద, తమ్ముడు ఇంకో జెండా కింద

సింగపూర్‌లో చిక్కిన వేలాది భారత సైనికుల్లో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరమన్నా ఒప్పుకోనివాళ్ళూ వేలల్లోనే ఉన్నారు. వాళ్ళలో కొందరిని జపాన్‌వాళ్ళు న్యూగినీ వైపు దీవులకు పంపి గొడ్డుచాకిరీ చేయించారు. చాలామంది ఆకలితో, జబ్బులతో పోయారు. పెద్ద వీరాస్వామి ఈ రెండింట్లో ఏ దారి పట్టాడు? స్మారకం మీద పేరు దీనికి పూర్తి జవాబు కాదు.

ఫౌజ్‌లో చేరి బతికి బయటపడినవాళ్ళను బ్రిటిష్ అధికారులు విచారించి తెలుపు, బూడిద, నలుపు అని మూడు రంగులుగా విడదీశారు. ఫౌజ్‌తో మనసు కలపలేదని నమ్మినవాళ్ళు తెలుపు, మనస్ఫూర్తిగా చేరినవాళ్ళు నలుపు. 1945 నవంబరులో ఎర్రకోటలో మొదలైన విచారణతో దేశమంతా నలుపువాళ్ళ పక్షాన నిలబడింది. అయినా స్వతంత్ర భారత సైన్యం వాళ్ళను మళ్ళీ తీసుకోలేదు. తర్వాత 1972 నాటి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకంలో వాళ్ళకు చోటు దక్కింది. అందుకే ఫౌజ్‌లో చేరిన మనిషి జాడ సైన్యం రికార్డు ఆఫీసులో కంటే ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో, సమరయోధుల పింఛను దస్త్రాల్లో దొరికే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ఆ ఇంటిని చూడండి. 1944లో ఇంఫాల్ వైపు ఫౌజ్ నడిచి వచ్చింది. ఇంఫాల్‌కు సరుకు చేరే రోడ్డు వేసినవాళ్ళలో మన చిన్న వీరాస్వామి ఉన్నాడు. అన్న ఫౌజ్‌లో ఉంటే, ఇద్దరూ తెలియకుండానే ఎదురెదురుగా నిలబడ్డారు.

వీళ్ళను ఎలా తలుచుకోవాలన్న దాని మీద ఒకే మాట లేదు. బ్రిటిష్ జెండా కింద పనిచేయడాన్ని గౌరవించడమేమిటి, 1942లో సాటి భారతీయులు క్విట్ ఇండియా అని జైళ్ళకు వెళ్తుంటే వీళ్ళు తెల్లవాడి జీతానికి వెళ్ళారు కదా అని కొందరంటారు. ఈ వాదనను కొట్టిపారేయలేం. అదే సైన్యాన్ని ఉద్యమాన్ని అణచడానికీ దింపారు. రెండోవైపు, ఆ సైన్యం జపాన్ సైన్యాన్ని ఇంఫాల్, కోహిమాల దగ్గర ఆపింది, ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో ఫాసిస్టులతో పోరాడింది, స్వతంత్ర భారత సైన్యం అందులోంచే పుట్టింది అంటారు ఇంకొందరు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. అది చూసిన తీరప్రాంతం కుర్రాడికి ఈ యుద్ధం పరాయిదిగా అనిపించకపోయి ఉండవచ్చు. మూడో మాట ఏమిటంటే, పొలం లేని ఇంట్లో నెలనెలా వచ్చే మనీఆర్డరు ముందు ఈ రెండు వాదనలూ చిన్నవే. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండటానికి అడ్డేమీ లేదని నాకనిపిస్తుంది. భర్తీ ఫారంలో ఎత్తు, ఛాతీ కొలత, పుట్టుమచ్చలకు గడులున్నాయి. ఎందుకు చేరాడన్నదానికి గడి లేదు.

బర్మాలో పోయినవాళ్ళంతా సిపాయిలు కారు

"రంగంలో యుద్ధంలో పోయాడు" అన్న కుటుంబ కథను ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. బర్మాలో తెలుగు కూలీలు, ఓడరేవు పనివాళ్ళు వేలల్లో ఉండేవారు. కోరంగి రేవు నుంచి వెళ్ళారు కాబట్టి అక్కడివాళ్ళు "కోరంగీలు" అనేవారు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే లక్షలాది భారతీయులు అడవుల మీదుగా నడిచి వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు. మలయా తోటల్లో పనిచేసిన తమిళులను, తెలుగువాళ్ళను జపాన్‌వాళ్ళు సియాం (నేటి థాయ్‌లాండ్), బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గానికి తీసుకుపోయారు. 1942-43లో ఆ దారి వేస్తూ 12 వేల మందికి పైగా యుద్ధఖైదీలు పోయారు. ఆసియా కూలీల్లో పోయినవాళ్ళు సుమారు 90 వేలని అంచనా. ఖైదీలకు చక్కటి శ్మశానాలు, పేర్లు చెక్కిన రాళ్ళు ఉన్నాయి. కూలీల పేర్లు సైనిక జాబితాల్లో వెతికితే దొరకవు. ఒకే ఇంట్లో అన్న సిపాయి, తమ్ముడు తోట కూలీ అయితే, ఒకే రైలుమార్గం మీద ఇద్దరూ పోయినా ఒకరి పేరే మిగులుతుంది.

ఏ రాతి మీద ఎవరి పేరు

ఢిల్లీ వెళ్ళిన కుటుంబాలు ఇండియా గేట్ దగ్గర పెదతాత పేరు వెతుకుతాయి. ఇండియా గేట్ పునాదిరాయి 1921లో పడింది, 1931లో దాన్ని ప్రారంభించారు. దాని మీది 13 వేలకు పైగా పేర్లు మొదటి యుద్ధానికీ, ఆ రోజుల్లో వాయవ్య సరిహద్దు, అఫ్గాన్ పోరాటాలకూ సంబంధించినవి. పక్కనే 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవాళ్ళది. రెండో యుద్ధంలో పోయిన పెద్ద వీరాస్వామికి ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీయే మిగిలింది. ఆజాద్ హింద్ ఫౌజ్ గుర్తుగా మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో వేరే స్మారకం ఉంది.

పేరుతో స్మరించడం నియమంగా పెట్టుకున్న కమిషన్ కూడా దాన్ని అందరికీ పాటించలేదు. 2021లో అదే ఒక నివేదికలో ఒప్పుకుంది. మొదటి యుద్ధంలో పోయినవాళ్ళలో, ముఖ్యంగా తూర్పు ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లలో, కనీసం 1 లక్ష 16 వేల మందిని, బహుశా 3 లక్షల 50 వేల మంది దాకా, పేరుతో గానీ అసలు గానీ స్మరించలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారత అధికారుల పేర్లూ చెక్కారు. మామూలు సిపాయిల దగ్గరికి వచ్చేసరికి రెజిమెంటు పేరు కింద ఎంతమంది పోయారన్న అంకె మాత్రమే వేశారు. "బసరా వెళ్ళాడు" అని మన ఇళ్ళల్లో మిగిలిన మాట అలాంటి అంకెల్లో ఒకటి కావచ్చు.

మొదటి యుద్ధం అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వం చాలా ఊళ్ళలో చిన్న పాలరాతి పలకలు పెట్టించింది. కొన్ని ఇప్పటికీ పాత బడుల, చావిళ్ళ గోడల్లో సున్నం పొరల కింద ఉన్నాయి. అన్నిటి మీదా మాటలు దాదాపు ఒకటే. ఈ గ్రామం నుంచి 1914-1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలర్పించారు. రెండు అంకెలు వేశారు, పేరు ఒక్కటీ రాయలేదు. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే వచ్చేది, ఇంటికి తిరిగొచ్చిన తమ్ముళ్ళ లెక్క.